మొహమాటం ఎవరి ముందు?

"మన తెలుగువాళ్ళకి కంప్లైంట్ చెయ్యడం చేతకాదు" అన్న మాట ఈ మధ్య తెగ వింటున్నాను. డాలస్ నుంచి సెలవులకొచ్చిన స్నేహితుడు అంటాడు. ఆఫీసులో సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చేవాళ్ళు అంటారు. వ్యక్తిత్వ వికాసం కాలమ్స్ రాసేవాళ్ళు సరేసరి. మాట వెనకే పోలిక కూడా వస్తుంది. అమెరికావాడు కాఫీ చల్లగా ఉంటే కప్పు వెనక్కిచ్చేస్తాడు. జర్మనీలో ఆదివారం డ్రిల్లింగ్ మెషిన్ తిప్పితే పక్కింటివాడు వచ్చి తలుపు కొడతాడు. మనవాడు మాత్రం సాంబారులో వెంట్రుక వస్తే దాన్ని చక్కగా కంచం అంచుకి జరిపి, మిగతాది తినేసి, బయటికొచ్చాక మనకి చెప్తాడు. కారణం? సంస్కృతి. మొహమాటం. సర్దుకుపోయే గుణం. దీన్ని కొందరు మన జబ్బు అంటారు, కొందరు మన గొప్ప అంటారు. ఇద్దరూ చెప్పేది ఒకటే: మనం ఇలా పుట్టాం.

ఈ మాట మీద నాకు చాలా రోజులుగా మంట. సాంబారు వరకూ నిజమే కాబట్టి ఇంకా మంట. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని చాలా విషయాలు దాచేస్తున్నాం.

నేను తార్నాకలో ఉంటాను. మా అపార్ట్‌మెంటులో నలభై ఫ్లాట్లు, దానికో వాట్సాప్ గ్రూపు. కంప్లైంట్ చెయ్యడం చేతకాని జాతి ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్ళకి ఆ గ్రూపు చూపించాలి. వాచ్‌మన్ గేటు తియ్యడానికి రెండు నిమిషాలు పట్టిందని ఒకరు. వాళ్ళ పిల్లలు సెల్లార్లో అరుస్తున్నారని ఒకరు, ఫొటోతో సహా. ఇస్త్రీ ఆయన చొక్కా కాలర్ మడత పోగొట్టాడని, చెత్త బండి అబ్బాయి మాటకి ఎదురు చెప్పాడని, డెలివరీ కుర్రాడు లిఫ్టులో చెమట వాసన వదిలి వెళ్ళాడని (నిజంగా రాశారు). ఏ మెసేజిలోనూ మొహమాటం ఛాయ కూడా కనపడదు. టైమ్, తేదీ, ఆధారం, "తక్షణ చర్య" డిమాండు, అన్నీ ఉంటాయి. మా టీములో బగ్ రిపోర్ట్ రాసే జూనియర్లకి చూపించొచ్చు.

అదే గ్రూపులో బిల్డర్ సంగతి చూడండి. బ్రోషర్లో రెండు లిఫ్టులు. కట్టింది ఒకటి. ఆరేళ్ళయింది. ఎవరైనా ఎత్తితే వచ్చే సమాధానం ఎప్పుడూ ఒకటే: "సార్ కలిసినప్పుడు నెమ్మదిగా అడుగుదాం." ఆ నెమ్మది ఆరేళ్ళుగా నడుస్తోంది. రెరా చట్టం 2016లోనే వచ్చింది. వినియోగదారుల రక్షణ చట్టం 1986 నాటిది, 2019లో కొత్తగా రాసి 2020 జులై నుంచి అమల్లో పెట్టారు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో ఫిర్యాదు వెయ్యొచ్చు. మా నలభై ఫ్లాట్లలో కనీసం ఇరవై మంది ఇంజినీర్లు. డీఎస్-160 ఫారం అర్ధరాత్రి లేచి ఒక్క తప్పు లేకుండా నింపగలిగినవాళ్ళు. ఈ ఫారం దగ్గరకొచ్చేసరికి అందరికీ మొహమాటం వచ్చింది. బిల్డర్‌కి పెద్దవాళ్ళ అండ ఉందని అందరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ గ్రూపులో రాయరు, "మనవాళ్ళు సర్దుకుపోతారు" అని రాస్తారు.

పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ అని ఇద్దరు భాషా పరిశోధకులు మర్యాద మీద ఒక సిద్ధాంతం కట్టారు. 1978లో మొదట పెద్ద వ్యాసంగా, 1987లో పుస్తకంగా వచ్చింది. ఎదుటివాళ్ళకి ఇబ్బంది కలిగించే మాట, అంటే ఫిర్యాదు, అభ్యర్థన, విమర్శ లాంటిది, అనడం ఎంత బరువైన పనో లెక్కెయ్యడానికి వాళ్ళొక సూత్రం ఇచ్చారు. ఇద్దరి మధ్య ఉన్న దూరం, ప్లస్ చెప్పేవాడి మీద వినేవాడికున్న అధికారం, ప్లస్ ఆ పనిని ఆ సంస్కృతి ఎంత పెద్ద పనిగా చూస్తుందన్నది. మూడూ కలిపితే బరువు. వాళ్ళ సిద్ధాంతానికి మూలం "ఫేస్", అంటే ముఖం. మనకేం కొత్త కాదు, మొహమాటంలో మొహం ముందే ఉంది. ఇంకో సంగతేమిటంటే వాళ్ళు ప్రధానంగా వాడిన మూడు భాషల్లో ఒకటి ఇంగ్లీషు, ఒకటి మెక్సికోలోని త్సెల్తాల్, మూడోది మన పక్కనున్న తమిళం, కోయంబత్తూరు జిల్లాలోని ఓ పల్లెలో విన్నది. ఆ పల్లెలో ఎవరు ఎవరితో ఎంత మర్యాదగా మాట్లాడతారన్నది కులాన్ని బట్టి ఎలా మారుతుందో కూడా వాళ్ళే రాశారు.

ఈ సూత్రం మీద విమర్శలు చాలా ఉన్నాయి, ఇప్పుడు వాటి జోలికి పోను. నాకు పనికొచ్చేది ఒక్కటే. సూత్రంలో సంస్కృతి ఒక పదం. అధికారం వేరే పదం. "మనకి కంప్లైంట్ చెయ్యడం రాదు" అనేవాళ్ళు చేసే మాయ ఏంటంటే, రెండో పదంలో ఉన్న విలువనంతా తీసుకెళ్ళి మూడోదాన్లో వేసి చూపించడం. మొత్తం మారదు కాబట్టి ఎవరూ పట్టుకోరు.

పట్టుకోవాలంటే ఒక మనిషిని అలాగే ఉంచి, ఎదురుగా ఉన్న కౌంటర్‌ని మార్చి చూడాలి. అలాంటి ప్రయోగం ఒకటి మనవాళ్ళ మీదే పాతికేళ్ళకి పైగా నడుస్తోంది, దాని పేరు హెచ్1బి. డాలస్ స్నేహితుణ్ణే తీసుకోండి. అక్కడ అతను కాఫీ వెనక్కిస్తాడు, రెస్టారెంటులో మేనేజర్‌ని పిలుస్తాడు, విమానం ఆలస్యమైతే మెయిల్ కొట్టి వోచర్ తెచ్చుకుంటాడు. నాకు పాఠం చెప్పేది ఆ అనుభవంతోనే. అదే మనిషి తొలి రోజుల్లో ఒక కన్సల్టెన్సీ కింద ఉన్నప్పుడు, ప్రాజెక్టు లేదని నాలుగు నెలలు జీతం లేకుండా గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెట్టారు. ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా జీతం ఇవ్వాల్సిందేనని అమెరికా చట్టం చెప్తుంది. ఇవ్వకపోతే కార్మిక శాఖకి ఫిర్యాదు చెయ్యడానికి డబ్ల్యూహెచ్-4 అని ఒక ఫారం ఉంది. అతనికి తెలుసు. నింపలేదు. ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండనిచ్చేది అరవై రోజులు. పైగా ఆ యజమాని కూడా మనవాడే, "తమ్ముడూ" అని పిలిచేవాడు, ఉగాదికి ఇంటికి పిలిచి భోజనం పెట్టాడు. కాఫీ దగ్గర అమెరికన్ అయిన మనిషి జీతం దగ్గర మళ్ళీ తెలుగువాడెలా అయిపోయాడు? సంస్కృతే కారణమైతే ఏదో ఒకవైపు ఉండాలి కదా. నేనతన్ని తప్పు పట్టడం లేదు. అరవై రోజులు పట్టుకుని ఎవరి ధైర్యం ఎంతో కొలవడానికి నేనెవణ్ణి? కానీ అతను నాకు చెప్పే "మనవాళ్ళకి గట్స్ ఉండవు" పాఠం మాత్రం ఒప్పుకోను.

మన మాటల్లో కూడా ఈ ఎచ్చుతగ్గుల జాడ ఉంది. ఫిర్యాదు ఫార్సీ మాట, అక్కడ దానర్థం కేక, ఆక్రందన. అర్జీ అరబ్బీ వేరు నుంచి వచ్చింది, పెద్దవాళ్ళ ముందు విన్నవించుకోవడం. దరఖాస్తు, దావా, తకరారు అన్నీ దర్బారు గుమ్మం దాటి మన ఊళ్ళలోకొచ్చినవే. తెలుగులో వెతికితే మొర, గోడు దొరుకుతాయి. మొర పెట్టుకుంటాం. గోడు వెళ్ళబోసుకుంటాం. ఆ క్రియల చివర ఉన్న "కొను" చూడండి, అవతలివాడికి చేరేదాకా ఆగే పని కాదది, మన బరువు మనం దించుకునే పని. చుట్టాల మధ్యయితే నిష్ఠూరం. పిల్లలు చెప్తే చాడీ. కోడలు అంటే సణుగుడు, అత్తగారు అంటే మందలింపు. పనిమనిషి అంటే పొగరు. చేసేది ఒకటే పని, చేసిన మనిషి ఎత్తుని బట్టి దాని పేరు మారుతుంది.

"చూశారా, మన భాషలోనే ఏడుపు ఉంది" అని ఎవరైనా సంబరపడితే ఒక్క నిమిషం ఆగండి. ఇంగ్లీషు కంప్లైంట్ కూడా లాటిన్లో గుండెలు బాదుకోవడమే. కోర్టులో వాదిని ప్లెయింటిఫ్ అంటారు, అదీ అదే వేరు. వాళ్ళ గుండెలు బాదుకునేవాడు వాది అయ్యాడంటే మధ్యలో కోర్టు వచ్చింది, రసీదు వచ్చింది, జవాబివ్వాల్సిన గడువు వచ్చింది. రక్తం మారలేదు.

పై వాళ్ళకి చేసిన ఫిర్యాదుల్లో తెలుగులో నాకు అన్నింటికంటే ఇష్టమైంది మా ఖమ్మం జిల్లా మనిషిది. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, రామదాసు. గోల్కొండ ఖైదులో కూర్చుని రాముడికి ఏ నగ చేయించడానికి ఎంతయిందో వరసగా లెక్క చెప్పి, ఎవరి డబ్బుతో కులుకుతున్నావని నిలదీసిన కీర్తన అందరికీ తెలిసిందే. ఇన్‌వాయిస్ జతచేసిన కంప్లైంట్ అది. ఐటెమ్ వారీగా ఉంటుంది. అయితే చివరికొచ్చేసరికి ఆయనే తగ్గుతాడు, దెబ్బలకి ఓర్వలేక తిట్టాను, ఏమనుకోకు అంటాడు. భక్తుడు దేవుణ్ణి ఎంత మాటైనా అనొచ్చు, "నీవాణ్ణి" అని ఒప్పుకున్నంత కాలం. కాసుల పురుషోత్తమ కవి శతకం కూడా ఆ దారిదే, నిందాస్తుతి అని దానికో శాస్త్రీయమైన పేరు కూడా ఇచ్చాం. దేవుడి దగ్గర అందమైన ఈ పద్ధతిని మనం ప్రభుత్వం దాకా లాక్కొచ్చాం, అక్కడొచ్చింది తంటా. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి. 2023 డిసెంబరులో ప్రజాభవన్ గేట్లు తెరిచి ప్రజాదర్బార్ అన్నారు, తర్వాత దానికీ ప్రజావాణి పేరే పెట్టారు. ఆ నెలాఖరు నుంచి ఊరూరా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకుంటే కోటికి పైగా వచ్చాయి. కోటి! ఏ సర్దుకుపోయే జాతి కోటి కాగితాలు రాస్తుంది? దర్బార్ అన్న పేరు మాత్రం చూడండి. పింఛను రాకపోతే అడగడానికి వెళ్ళిన ముసలమ్మ దర్బారులో నిలబడాలి.

ఇక ఎవరు గొంతెత్తితే అది కంప్లైంట్, ఎవరు ఎత్తితే అది గొడవ అన్న సంగతి. దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు, తార్నాక చాలు.

మాది ఖమ్మం కాబట్టి నా చెవికి అటు యాస, ఇటు యాస రెండూ తెలుసు. పేరు అనవసరమైన ఒక ఆఫీసులో ఆ మధ్య కౌంటర్ ముందు నిలబడి ఉన్నాను. నా ముందు నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు, దాని తాలూకు కాగితమేదో ఇక్కడ ఆగింది. "ఇది నాలుగోసారి సార్ నేనొచ్చుడు. గింత లేటైతే ఎట్ల సార్?" అన్నాడు. గొంతు పెంచలేదు. లోపలాయన తలెత్తి, "ఏందట్ల మీద మీదకొస్తున్నవ్? గొడవ చేయనీకి వచ్చినవా?" అన్నాడు. కుర్రాడు నిజంగా ఒక అడుగు వెనక్కేశాడు, తన వల్ల ఏదో జరిగిందన్నట్టు. రెండు నిమిషాల తర్వాత ఇస్త్రీ చొక్కా ఆయన ఒకరు, "ఏమండీ, ఇంత ఆలస్యమైతే ఎలాగండీ, దిసీజ్ టూ మచ్" అని ఆ కుర్రాడి కంటే గట్టిగానే అన్నాడు. కుర్చీ చూపించారు. వాక్యం ఒకటే, చూసుకోండి. ఒకదానికి "అండీ" ఉంది, ఇంకోదానికి "సార్" ఉంది, అదీ రెండుసార్లు. మర్యాద తక్కువైంది ఎక్కడ? లోపల కూర్చున్నాయన కూడా తెలంగాణ మనిషే, అది ఇంకా విచిత్రం. తన ఇంటి భాష కౌంటర్ అవతలి నుంచి వస్తే ఆయనకి గొడవలా వినపడింది.

కృష్ణా, గోదావరి జిల్లాల మాటతీరు మెత్తన, తెలంగాణ మాట మొరటు అని సినిమాలు ఎన్నేళ్ళు నేర్పాయో లెక్క లేదు. విలన్‌కీ వాడి పక్కనుండే కమెడియన్‌కీ ఈ యాస, ఇంట్లో బుద్ధిమంతుడికి ఆ యాస. అంతకు ముందు వంతు తెలుగు మొత్తానిది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటర్లో సంఘసంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ రాత్రే కొందరు కూర్చుని ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. తెలంగాణలో తర్వాత జరిగిన చాలా కథకి మొదలు అక్కడుంది. ఫిర్యాదులో ఏముందో వినకముందే అది ఏ గొంతులో వచ్చిందో చూసి నవ్విన సభ అది. కాళోజీ తన కవితలకి "నా గొడవ" అని పేరు పెట్టింది 1953లో. ఆ పేరు నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. మీరు దీన్ని గొడవ అంటారని నాకు తెలుసు, సరే, గొడవే, నాది, అన్నట్టుంటుంది.

తార్నాక గేటు లోంచి లోపలికి నడిస్తే ఉస్మానియా. పొద్దున వాకింగ్‌కి వచ్చే మా కాలనీ పెద్దమనుషులకి ఆ చెట్లంటే ప్రాణం, ఆ విద్యార్థులంటే తలనొప్పి. "ఓయూ అంటేనే గొడవ" అనే మాట ఆ రోడ్ల మీదే ఎన్నోసార్లు విన్నాను. అక్కడి పిల్లలకి అడిగే ఓపిక లేదు, అరవడమే వచ్చు, అదొక కల్చర్ అంటారు. మళ్ళీ కల్చర్!

ఓపిక సంగతి చూద్దాం. మా ఆఫీసు భాషలో చెప్తాను. టికెట్ మొదటిసారి ఓపెన్ అయింది 1956 ఫిబ్రవరిలో, పెద్దమనుషుల ఒప్పందం పేరుతో. ఉద్యోగాలు, నిధులు, నీళ్ళు, చదువు, ఏది ఎలా చెయ్యాలో స్పష్టంగా రాసిన రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ అది. అమలు కాలేదు. 1969లో రీఓపెన్ అయింది, ఈ క్యాంపస్ అప్పుడు రగిలిపోయింది. 1973లో ఆరు సూత్రాల పథకం అని చెప్పి "ఫిక్స్‌డ్" పెట్టారు. ఫిక్స్ అవలేదని మళ్ళీ రాస్తే 1985 డిసెంబరులో 610 జీవో వచ్చింది. ఆ జీవో అమలవలేదని మళ్ళీ ఫిర్యాదులు. 2001లో గిర్‌గ్లానీ కమిషన్. 2009లో మళ్ళీ ఈ క్యాంపస్. క్లోజ్ అయింది 2014 జూన్ 2న. యాభై ఎనిమిదేళ్ళు. ఈ మధ్యలో ఎన్ని మెమొరాండాలు, ఎన్ని గణాంకాలు, ఎన్ని రౌండ్ టేబుళ్ళు. ఇంత రాతకోతల తర్వాత కూడా అవతలి నుంచి వచ్చిన మాట "వీళ్ళదెప్పుడూ ఏడుపే". 2010 ఫిబ్రవరిలో ఎన్‌సీసీ గేటు దగ్గర ఒక కుర్రాడు తనని తాను కాల్చుకున్నాడు. ఆ గేటు ముందు నుంచి పోతుంటే ఫిర్యాదు అనే మాటకి ఫార్సీ అర్థం గుర్తొస్తుంది నాకు.

రాష్ట్రం వచ్చాక అంతా మారిందా అంటే, 2025 మార్చిలో యూనివర్సిటీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. విభాగాల్లో, కాలేజీల్లో, పరిపాలనా భవనంలో ధర్నాలు, నినాదాలు నిషిద్ధం. విద్యార్థి సంఘాలు, ప్రతిపక్షాలు మండిపడ్డాయి. ఆ నెలలోనే ఒక హాస్టల్లో కూరలో బ్లేడు వచ్చిందని పిల్లలు మెస్ గిన్నెలు తెచ్చి రోడ్డు మీద పెట్టుకుని కూర్చున్నారని వార్తలొచ్చాయి. ఒకదానికోసమే మరొకటి అని నేననడం లేదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. కూరలో బ్లేడు వస్తే సరైన పద్ధతి ఏమిటి? వార్డెన్‌కి అర్జీ రాసి, రెండ్రోజులాగి, నెమ్మదిగా అడగడమా? మా బిల్డర్‌ని అడిగినట్టు?

ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఏదైనా సంస్థ పాడైపోతుంటే మనిషికి ఉన్నవి రెండు దారులు, అడగడం లేదా వెళ్ళిపోవడం. ఆయనకి ఈ ఆలోచన తట్టింది నైజీరియా రైళ్ళని చూసి. రైళ్ళు ఎంత అధ్వానమైనా బాగుపడవేంటి అని చూస్తే, గట్టిగా అడగగలిగినవాళ్ళంతా ఎప్పుడో లారీలకి మారిపోయారు. ఈ ఒక్క ముక్క పట్టుకుని తార్నాకలో తిరగండి. కుళాయి నీళ్ళు బాగోకపోతే మా వీధి అడగదు, ఇరవై లీటర్ల క్యాన్ వేయించుకుంటుంది. కరెంటు పోతే అడగదు, ఇన్వర్టర్ ఉంది. ప్రభుత్వ బడి ఎప్పుడో వదిలేసింది. ఉస్మానియా కూడా అంతే. ఒకప్పుడు మా వీధి డాక్టర్లు, లాయర్లు, ప్రొఫెసర్లు చదివింది అక్కడే. ఇప్పుడు వాళ్ళ పిల్లలు ప్రైవేటు యూనివర్సిటీల్లో, లేకపోతే టెక్సాస్‌లో. ఇవాళ ఆ హాస్టళ్ళలో ఎక్కువగా ఉండేది ఊళ్ళ నుంచి వచ్చిన దళిత, గిరిజన, బీసీ పిల్లలు, ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటినవాళ్ళు. వాళ్ళకి క్యాన్ కొనుక్కునే దారి లేదు. కాబట్టి అడుగుతారు. దారి ఉండి వెళ్ళిపోయినవాళ్ళు, పొద్దున్నే వాకింగ్ షూస్ వేసుకొచ్చి, అడిగేవాళ్ళకి కల్చర్ లేదంటారు. మనం సర్దుకుపోయే మనుషులం కాదు సార్, కొనుక్కుపోయే మనుషులం.

ఇదంతా సాహిత్య పత్రికలో ఎందుకంటారేమో. మనకీ ఒక కౌంటర్ ఉంది, దాని పేరు సమీక్ష. పుస్తకం కొని చదివినవాడు బాగోలేదని చెప్పడం కంటే మామూలు కంప్లైంట్ ఏముంటుంది? అయినా తెలుగులో వచ్చే సమీక్షల్లో ముప్పాతిక వంతు "పరిచయాలే". కథ బలహీనంగా ఉంటే "సున్నితంగా చెప్పారు" అని, భాష తేలిపోతే "సరళంగా ఉంది" అని రాస్తాం. దీనికీ మొహమాటమే కారణమని అందరం అనుకుంటాం. అలా అయితే అందరి మీదా సమానంగా ఉండాలిగా. ఏ సభల్లోనూ కనపడని ఇరవై రెండేళ్ళ అమ్మాయి మొదటి కవితా సంపుటి వేసుకుంటే వచ్చే సలహాలు చూడండి. శిల్పం లేదు, వచనం, ఇంకా చదవాలి, తొందరపడ్డారు. అన్నీ నిక్కచ్చిగా, పేజీ నంబర్లతో సహా. అవార్డు కమిటీలో ఉన్నాయన ఏడో సంపుటికి మాత్రం నాలుగు ముందుమాటలు, మూడు పరిచయాలు, ఒక శాలువా. మా అపార్ట్‌మెంట్ గ్రూపుకీ దీనికీ తేడా నాకు కనిపించడం లేదు, ఇక్కడ వాక్యాలు కాస్త బాగుంటాయి, అంతే. నిర్మొహమాటమైన విమర్శ అనగానే ఇప్పటికీ రారా పేరే తలుచుకుంటామంటే, ఆయన ఎంత గొప్పవాడో పక్కన పెట్టి, మధ్యలో ఇన్ని దశాబ్దాలు మనం ఏం చేస్తున్నామో కూడా అడగాలి. ఆయన పేరు తలుచుకోవడం కూడా మనకి మొక్కుబడి అయింది. రారా లాంటి విమర్శకుడు లేడని బాధపడుతూ రాసిన వ్యాసంలోనే మూడో పేరాలో ఒక పెద్దాయన నవలని "మహాకావ్యం" అన్నవాళ్ళని చూశాను.

ఆ ఏడో సంపుటి ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. 250 రూపాయలు పెట్టి కొన్నాను. నూట ముప్పై పేజీల్లో పదకొండు కవితలు పాత సంపుటుల్లోవే, పేర్లు మార్చి వేశారు. ఎక్కడా ఆ మాట చెప్పలేదు. నాలుగు ముందుమాటల్లో ఒక్కటీ చెప్పలేదు. పాత సంపుటులు తెచ్చుకుని పక్కపక్కన పెట్టి పట్టిక తయారుచేశాను, ఏ కవిత ఎక్కడిదో, ఏ పేజీదో. ఇదే పత్రికకి ఇంతకు ముందు రాసిన మిత్రుడికి చూపిస్తే చదివి, ఫోన్ చేసి, "అంతా కరెక్టే అన్నా. కానీ వచ్చే ఏడు నీ పుస్తకం వస్తోంది కదా, ఇప్పుడెందుకీ గొడవ?" అన్నాడు. పట్టిక అయిపోయింది, వ్యాసం సగంలో ఉంది. వచ్చే సంచికకి ఆయన పేరుతో, పుస్తకం పేరుతో, పేజీ నంబర్లతో పంపిస్తాను.